పదో తరగతి సప్లిమెంటరీ ట్యుటోరియల్: కింది గదికి ఒక మార్కు, మేడ మీది గదికి మరొకటి

2025 ఏప్రిల్ 23న ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ఫలితాలు వచ్చాయి. రాష్ట్రం మొత్తం మీద 81.14 శాతం మంది గట్టెక్కిన ఆ ఏడాది మా మేనల్లుడు మిగతా సబ్జెక్టులన్నీ పాసై, గణితంలో 23 మార్కుల దగ్గర ఆగిపోయాడు. సప్లిమెంటరీ పరీక్షలు మే 19 నుంచి మొదలవుతాయన్నారు కనుక చేతిలో నాలుగు వారాలు కూడా లేవు. మా అక్క వాడిని మా ఇంటికి పంపింది. గోదావరి జిల్లాల్లో మేముండే పట్టణంలో, ఫెయిలైన పిల్లల కోసమే వేసవిలో నడిచే ఒక ట్యుటోరియల్‌లో నేను చేర్పించాను. దాని పేరు రాయడం లేదు. నేను మెచ్చుకోబోయేదీ తప్పుపట్టబోయేదీ ఒకే కప్పు కింద ఉన్నాయి. పేరు రాస్తే చదివినవారు వాటిలో ఒకదాన్నే గుర్తుపెట్టుకుంటారు.

ముందుగా వసతుల సంగతి. ఒక్క సబ్జెక్టుకు 3,500 రూపాయలు తీసుకున్నారు. మొత్తం ముందే కట్టాలి, మధ్యలో మానేస్తే తిరిగి ఇవ్వరు. పరీక్ష రాయడానికి ప్రభుత్వానికి కట్టే రుసుము మూడు సబ్జెక్టుల వరకు 110 రూపాయలేనని గుర్తుచేసుకుంటే ఫెయిల్ ఖరీదు ఎక్కడ పడుతుందో అర్థమవుతుంది. ఉదయం ఏడు నుంచి పదకొండున్నర వరకు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు తరగతులు. మే నెల ఎండలో రేకుల కప్పు కింద రెండు ఫ్యాన్లు తిరుగుతుంటాయి, కరెంటు పోతే అవీ ఆగిపోతాయి. తాగునీటికి క్యాన్లు పెట్టారు. మరుగుదొడ్డి గురించి మాట్లాడకపోవడమే మేలు.

మొదటి రోజు పెట్టిన పరీక్షలో పదో తరగతి ప్రశ్న ఒక్కటీ లేదు. భిన్నాల కూడిక, రుణ సంఖ్యల గుణకారం, బ్రాకెట్లు విప్పడం, శాతాలు, ఇవన్నీ ఆరు, ఏడు తరగతుల పాఠాలే. 25 ప్రశ్నల్లో మావాడు సరిగా చేసినవి తొమ్మిది. సగానికి మూడో వంతు కలిపితే అయిదింట రెండు వంతులు వస్తుందని రాశాడు. సగం కన్నా తక్కువ జవాబు వచ్చిందేమిటన్న అనుమానం కూడా వాడికి రాలేదు. వాడి తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు తీసి చూశాను. గణితంలో మంచి గ్రేడే ఉంది. అంటే ఫెయిలవడం 2025లో బయటపడింది గానీ, అంతకు నాలుగేళ్ళ ముందే జరిగిపోయింది. ఆ నాలుగేళ్ళలో వాడికి మార్కులు వేసినవారెవరూ ఆ మాట వాడికి గానీ మాకు గానీ చెప్పలేదు.

దీనికి చట్టాన్ని నిందించడం మా వీధి అరుగుల మీద పరిపాటి. 2010 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి వరకు ఎవరినీ అదే తరగతిలో ఉంచరాదని చెప్పింది, అందుకే పిల్లలు ఇలా తయారయ్యారని ఒక వాదన. 2019లో ఆ చట్టాన్ని సవరించారు. అయిదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెట్టి, అందులో తప్పినవారికి అదనంగా బోధించి, రెండు నెలల్లోపు మళ్ళీ పరీక్ష పెట్టి, అప్పటికీ తప్పితే నిలిపివేసే వీలును రాష్ట్రాలకు ఇచ్చారు. 2024 డిసెంబరులో కేంద్రం తన అధీనంలోని బడులకు ఆ పద్ధతినే నియమాలుగా ప్రకటించినప్పుడు, ‘ఇక ఫెయిల్ చేస్తారట’ అన్న సగమే అందరి నోళ్ళలో నానింది. మధ్యలో ఉన్న ఆ రెండు నెలల అదనపు బోధన ఎవరు చేస్తారు, ఎలా చేస్తారు అన్న సగాన్ని పట్టించుకున్నవారు తక్కువ. ఈ ట్యుటోరియల్ అమ్ముతున్న సరుకు సరిగ్గా ఆ మధ్య భాగమే కనుక, దాన్ని తూచవలసింది కూడా ఆ తక్కెడలోనే.

కింది గదిలో పాఠం చెప్పేది ఒక రిటైర్డు గణిత ఉపాధ్యాయుడు. ఆయన దిద్దే తీరు మా అందరికీ మొదట కఠినంగా తోచింది. సోపానాలు లేకుండా చివరి జవాబు ఒక్కటే రాస్తే సున్నా. ప్రమాణం రాయకపోతే అర మార్కు కోత. బడిలో యాభైకి 38 తెచ్చుకున్న పిల్లవాడికి మొదటి స్లిప్ టెస్టులో 11 వచ్చాయి. అయితే కాగితం మర్నాడు ఉదయం ఏడింటికల్లా చేతికి వచ్చేది. తప్పిన ప్రతి చోటా పక్కన ఎర్ర సిరాతో, అది ఏ తరగతిలో నేర్చుకోవలసిన విషయమో రాసి ఉండేది: ‘7వ తరగతి, భిన్నాలు’, ‘8, బ్రాకెట్టు ముందు మైనస్’. ఆ రోజు మొదటి గంట వాటికే. అదే లెక్కను అంకెలు మార్చి మళ్ళీ చేసి చూపిస్తేనే కొత్త పాఠం. వారం తిరిగేసరికి మావాడు, “మామయ్యా, ఈ మాష్టారు మార్కులు వెయ్యరు, అడ్రసులు రాస్తారు” అన్నాడు. ఆ ట్యుటోరియల్‌ను అంతకన్నా బాగా నేను పొగడలేను.

ఆయన పెట్టిన మరో నియమం, యాభైకి పాతిక రాకపోతే తర్వాతి పాఠానికి పంపకపోవడం. మావాడు వర్గ సమీకరణాల దగ్గర రెండుసార్లు ఆగిపోయాడు. మిగతావాళ్ళు శ్రేఢులకు వెళ్ళిపోతుంటే వెనక బెంచీలో మరో నలుగురితో కూర్చుని కారణాంక విభజన చేస్తూ ముఖం మాడ్చుకున్నాడు. మూడు రోజులు పోయాయి. ఇదీ నిలిపివేయడమే, ఇంజనీరింగ్ కాలేజీల భాషలో చెప్పాలంటే ‘డిటెయిన్’ చేయడమే. కాకపోతే ఇక్కడ పోయింది మూడు రోజులు, కూర్చున్నది రాని పాఠం ముందే. అదే పిల్లవాడిని పూర్తి తరగతిలో ఒక ఏడాది నిలిపితే, వచ్చిన తెలుగు, సాంఘికం కూడా మళ్ళీ మొదటి నుంచి వింటాడు. రాని భిన్నాలను మాత్రం, పదో తరగతి పుస్తకంలో లేవు కనుక, అప్పుడూ ఎవరూ చెప్పరు. కఠినంగా దిద్దితే చదువు బాగుపడుతుందా అని నన్నడిగితే, ఈ కింది గదిలో బాగుపడిందనే చెబుతాను. కాగితం మర్నాటికల్లా తిరిగి రావడం, ఆగిన చోటికే వెనక్కి పంపడం, ఈ రెండూ లేకుండా ఎర్ర సిరా మాత్రమే ఉంటే ఏమవుతుందో చూడటానికి నేను ఎక్కువ దూరం వెళ్ళనక్కర్లేకపోయింది, మెట్లెక్కితే చాలింది.

పది రోజుల తర్వాత, వరుస పరీక్షల్లో 15 దాటనివారిని మేడ మీది గదికి మార్చారు. అక్కడ చెప్పేది డిగ్రీ చదువుతున్న ఒక కుర్రవాడు. మంచివాడే, కానీ అతనికి అప్పగించిన పని వేరు. పదో తరగతి గణితం ప్రశ్నపత్రంలో 33 ప్రశ్నలుంటాయి: ఒక మార్కువి పన్నెండు, రెండు మార్కులవి ఎనిమిది, నాలుగు మార్కులవి ఎనిమిది, ఎనిమిది మార్కులవి అయిదు. మొదటి రెండు విభాగాలు కలిపి 28, వాటికి ఒక్క గ్రాఫు లెక్క తోడైతే 36. పాసుకు కావలసింది 35. గేటు మీది ‘గ్యారంటీ పాస్’ బోర్డు ఈ కూడిక మీదే నిలబడి ఉంది. బిట్లు బట్టీ పట్టించి, గ్రాఫును బొమ్మలా గీయించి, రోజూ పరీక్ష పెట్టి, కింది గదిలో ఎంత కఠినంగా దిద్దుతారో అంత కఠినంగానూ దిద్దేవారు. కాగితాలు మాత్రం తిరిగి ఇచ్చేవారు కాదు, గోడ మీద అంకె కనిపించేది, అంతే. 2021 డిసెంబరులో తెలంగాణ ఇంటర్ మొదటి సంవత్సరంలో 49 శాతం మందే పాసైతే, వారం దాటగానే మిగిలినవారందరికీ కనీస మార్కులు కలిపి పాస్ చేశారు. మేడ మీది గదిని చూసినప్పుడల్లా నాకు ఆ వారం గుర్తొచ్చేది. ఫెయిల్ చేసినప్పుడూ, పాస్ చేసినప్పుడూ ఆ పిల్లలకు ఒక్క లెక్క కూడా అదనంగా రాలేదు.

ఆ గోడ గురించి గట్టిగానే చెప్పాలి. ప్రతి పరీక్ష మార్కులనూ పేర్లతో సహా అతికించి, పాతిక దాటనివారి పేర్లను ఎర్ర రంగుతో రాసేవారు. నాలుగో రోజు నుంచి ఒక అమ్మాయి రావడం మానేసింది. నిర్వాహకుడిని అడిగితే, “పౌరుషం రావాలి కదండీ” అన్నారు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత జరిగిన ఆత్మహత్యలను చూసిన తర్వాత కూడా ఆ మాట అనగలగడం నాకు మింగుడుపడలేదు. ఎన్ని లెక్కలు తప్పాడో పిల్లవాడికి తెలియాలి, వాడి ఇంట్లో తెలియాలి, వీధికి తెలియనవసరం లేదు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి రాసిన 6,15,908 మందిలో దాదాపు రెండు లక్షల మంది తప్పినప్పుడు, నెల రోజుల్లో పెట్టిన సప్లిమెంటరీలో పాసైనవారిని కూడా రెగ్యులర్‌గానే పరిగణిస్తామని ప్రభుత్వం చెప్పింది. ఆ ఏడాది 67.26 శాతం ఫలితం మీద పార్టీలు ఎంత కొట్టుకున్నా, ఆ ఒక్క నిర్ణయం మాత్రం మంచిదని నేనిప్పటికీ అనుకుంటాను. ఈ గోడ దానికి సరిగ్గా ఎదురు దిశలో నడుస్తోంది.

మావాడికి సప్లిమెంటరీలో 54 వచ్చాయి. త్రికోణమితికి సమయం చాలలేదు, ఆ పాఠం ఇప్పటికీ వాడికి అయోమయమే. వాడు చివరిదాకా ఉన్న కింది గదికి అయిదుకు నాలుగు వేస్తాను, మేడ మీది గదికి ఒకటి. రెండింటినీ కలిపి సగటు తీయడం నాకిష్టం లేదు.

చేర్పించదలచినవారు రెండు పనులు చేయండి. మొదటి రోజు పరీక్ష కాగితాన్ని అడిగి ఇంటికి తెచ్చుకోండి. ఆ పక్కన రాసిన తరగతుల పుస్తకాలు ఊళ్ళో ఎవరింట్లోనైనా దొరుకుతాయి. పది రోజుల తర్వాత పిల్లవాడిని గది మారిస్తే మీకు ముందుగా చెప్పాలని రసీదు వెనక రాయించుకోండి. మాష్టారు సాయంత్రం తరగతికి అరగంట ముందే వచ్చి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుంటారు, తల్లిదండ్రులు ఏమడిగినా ఓపికగా చెబుతారు. ఎండగా ఉంటుంది, గొడుగు తీసుకువెళ్ళండి.