వీల్‌చైర్ బొమ్మ చూసి టికెట్ కొనకండి: పెద్ద స్టేషన్‌లో రైలు మారేవాళ్లకు హెచ్చరిక

పెద్ద నగరపు స్టేషన్‌లో రైలు మారేలా టికెట్ కొంటున్నారా? వెంట వీల్‌చైర్‌లో పెద్దవాళ్లో, తోపుడు బండిలో పసిబిడ్డో, మోయలేనంత సామానో ఉందా? అయితే డబ్బు కట్టేముందు ఇది చదవండి. టికెట్లు అమ్మే సైటులో స్టేషన్ పేరు పక్కన కనిపించే వీల్‌చైర్ బొమ్మను నమ్మి మేము మోసపోయాం. ఆ స్టేషన్‌లో ఎక్కడో ఒకచోట లిఫ్టు ఉందని మాత్రమే ఆ బొమ్మ చెబుతుంది. మీరు దిగే ప్లాట్‌ఫారం నుంచి ఎక్కాల్సిన ప్లాట్‌ఫారానికి మెట్టు ఎక్కకుండా చేరవచ్చా అన్నది దానికి పట్టదు. ఆ లిఫ్టు ఈ రోజు పనిచేస్తున్నదా అన్నది అంతకన్నా పట్టదు.

జరిగింది ఇది. మోకాళ్ల శస్త్రచికిత్స తరువాత మా అత్తగారు వీల్‌చైర్‌లోనే తిరుగుతున్నారు. సైటు చూపించిన ప్రయాణంలో రైలు మారడానికి ఇరవై ఐదు నిమిషాల వ్యవధి ఉంది. పక్కన ఆకుపచ్చ అక్షరాలతో ‘సులభంగా మారవచ్చు’ అని రాసి ఉంది. సహాయకుడు కావాలని ముందుగానే నమోదు చేసి, దానికి విడిగా డబ్బు కూడా కట్టాం. మొదటి రైలు సరిగ్గా సమయానికే చేరింది. సహాయకుడు పెట్టె తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు, పాపం మంచి మనిషి. లిఫ్టులో పాదచారుల వంతెన మీదికి ఎక్కాం. అంతవరకు అంతా సవ్యమే.

వంతెన అవతలి కొసన, మేము దిగాల్సిన లిఫ్టు తలుపుకు అడ్డంగా ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. కుర్చీ వీపుకు ‘మరమ్మతులో ఉంది’ అన్న కాగితం అంటించి ఉంది. తేదీ లేదు. కాగితం అంచులు వంకర తిరిగి, అంటించిన టేపు దుమ్ము పట్టి నల్లబడింది. ఆ ఉదయం చెడిపోయిన లిఫ్టు కాదని చూడగానే తెలిసిపోయింది. పక్కనే ఎస్కలేటర్ ఉంది కానీ అది కింది నుంచి పైకి మాత్రమే నడుస్తుంది. దిగేవాళ్లకు మెట్లే గతి. సహాయకుడు ఫోను తీసి ఎవరెవరితోనో మాట్లాడాడు. ప్లాట్‌ఫారం చివర సామాన్ల లిఫ్టు ఉందన్నారు, దాని తాళం సూపర్‌వైజర్ దగ్గర ఉందన్నారు, సూపర్‌వైజర్ ఎక్కడున్నారో మాత్రం ఎవరూ చెప్పలేదు. మేము ఎక్కాల్సిన రైలు సరిగ్గా మా కాళ్ల కింద నిలబడి ఉంది. వంతెన జాలీలోంచి దాని పైకప్పు చూస్తుండగానే కదిలి వెళ్లిపోయింది.

“ఇంత పెద్ద స్టేషన్‌లో నేను దిగడానికి చోటే లేదా అమ్మాయ్?” అన్నారు అత్తగారు. కోపం కూడా లేదు ఆ గొంతులో.

విచారణ కౌంటర్‌లో ఆయన “లిఫ్టు ఉంది కదండీ” అన్నారు. ఉంది, పనిచేయడం లేదు అంటే, “అది నిర్వహణ విభాగం చూసుకోవాలండీ, మా చేతిలో లేదు” అన్నారు. టికెట్ అమ్మిన సంస్థ సమాధానం ఇంకా బాగుంది. మీవి రెండు వేర్వేరు టికెట్లు, రెండో రైలు తప్పడానికి మాది బాధ్యత కాదు, కొత్త టికెట్ కొనుక్కోండి అని. కొన్నప్పుడు ఒకే ప్రయాణంగా చూపించి, ఒకేసారి డబ్బు తీసుకుని, చెడినప్పుడు మాత్రం రెండుగా విడదీయడం చూశాక ఈ హెచ్చరిక రాయక తప్పలేదు.

ముందు స్టేషన్ అమరిక చూడండి. పట్టాలు అక్కడితో ఆగిపోయే స్టేషన్ వేరు, పట్టాలు స్టేషన్‌ను దాటుకుని ముందుకు సాగే స్టేషన్ వేరు. మొదటి రకంలో ప్లాట్‌ఫారాలన్నీ ఒక కొసన ఒకే ఆవరణలోకి తెరుచుకుంటాయి. ఎంత దూరమైనా సమతలంగా నడిచి ఒక ప్లాట్‌ఫారం నుంచి మరొక దానికి వెళ్లవచ్చు, లిఫ్టుతో పనే ఉండదు. రెండో రకంలో పట్టాలను దాటాలంటే పైన వంతెన, లేదంటే కింద సొరంగ మార్గం. అక్కడ మీ ప్రయాణం మొత్తం లిఫ్టు మీద ఆధారపడుతుంది. రెండు రకాలూ ఉన్న నగరంలో, వీలుంటే పట్టాలు ఆగిపోయే స్టేషన్‌లోనే రైలు మారండి. అయితే దీనికీ మినహాయింపులున్నాయి. 1931లో తెరిచిన మిలాన్ సెంట్రల్‌లో పట్టాలు ఆగిపోతాయి, కానీ ఆ పట్టాలను రోడ్డు కన్నా ఎత్తులో వేశారు. ప్లాట్‌ఫారాల మధ్య ఇబ్బంది లేకపోయినా వీధిలోంచి పైకి చేరడం ఒక పని. 2006లో తెరిచిన బెర్లిన్ ప్రధాన స్టేషన్‌లో ఒక దిక్కు రైళ్లు నేల కింద, మరొక దిక్కు రైళ్లు రోడ్డుకు పైన నడుస్తాయి. అలాంటిచోట రైలు మారడమంటే అంతస్తులకు అంతస్తులు ఎక్కడమో దిగడమో.

లిఫ్టు లేకపోతే ర్యాంపు ఉంటుందిలే అనుకోవద్దు. వీల్‌చైర్ ర్యాంపుకు సాధారణంగా పాటించే వాలు 1:12. అంటే ఒక మీటరు ఎత్తు ఎక్కడానికి పన్నెండు మీటర్ల పొడవు కావాలి. విద్యుత్ తీగలకు పైనుంచి వెళ్లే వంతెన ఆరు మీటర్ల ఎత్తున ఉందనుకుంటే 72 మీటర్ల ర్యాంపు, మధ్యలో ఆగడానికి కట్టే చదును జాగా అదనం. అంత చోటు ఏ ప్లాట్‌ఫారం మీద ఉంటుంది? అందుకే చాలాచోట్ల ర్యాంపు బయటి ద్వారం దగ్గర నాలుగు మెట్ల పక్కన కనిపించి అక్కడితో అయిపోతుంది. ఆ ర్యాంపునే ఫోటో తీసి సైటులో పెడతారు. ఆ మాటకొస్తే న్యూయార్క్‌లో 1913లో తెరిచిన గ్రాండ్ సెంట్రల్‌లో మెట్లు తగ్గించి వాలు దారులు విరివిగా కట్టారు. సామానుతో వచ్చే జనం ఎక్కడా ఆగకుండా సాగిపోవాలన్నది అప్పటి ఆలోచన. వందేళ్ల కిందట పెట్టెలు మోసేవాళ్ల కోసం తోచిన సంగతి ఇప్పటి కట్టడాల్లో మనుషుల కోసం తోచకపోవడం విచిత్రమే.

ప్లాట్‌ఫారం చేరితే గట్టెక్కినట్టు కాదు. పెట్టెలోకి ఎక్కాలి కదా. ప్లాట్‌ఫారం ఎత్తుకు ప్రపంచమంతా ఒకే లెక్క లేదు. ఐరోపా ప్రమాణాల్లో పట్టాల నుంచి 550 మిల్లీమీటర్లు, 760 మిల్లీమీటర్లు అని రెండు ఎత్తులున్నాయి. బ్రిటన్‌లో 915. భారత్‌లో ఎత్తైన ప్లాట్‌ఫారాలు 760 నుంచి 840 వరకు ఉంటాయి, పెట్టెల నేల అంతకన్నా బాగా పైన ఉంటుంది. కాబట్టి మెట్లు లేని స్టేషన్ దొరికినా మెట్లు లేని పెట్టె దొరకాలి. ఇంకా, వంపు తిరిగిన ప్లాట్‌ఫారం దగ్గర వంపు లేకుండా తిన్నగా ఉండే పెట్టె ఎక్కడో ఒకచోట ఎడంగా నిలబడుతుంది. వంపు బయటి వైపు ప్లాట్‌ఫారం ఉంటే పెట్టె మధ్యభాగంలో ఖాళీ ఎక్కువ, లోపలి వైపు ఉంటే పెట్టె కొసల దగ్గర ఎక్కువ. తలుపు ఆ చోటే పడితే చిన్న చక్రాలు ఆ సందులో ఇరుక్కుంటాయి. దీనికి మడత ర్యాంపు తెచ్చి వేసే మనిషి కావాలి.

ఆ మనిషి అడగగానే రాడు. ముందుగా చెప్పాలి. ఎంత ముందుగా అన్నది ఒక్కో చోట ఒక్కో విధం. ఐరోపా సమాఖ్యలో 2023 జూన్ నుంచి అమలవుతున్న నియమం ప్రకారం మామూలుగా 24 గంటల ముందు చెబితే చాలు, అంతకుముందు 48 గంటలుండేది. బ్రిటన్‌లో రెండు గంటలకు తగ్గించారు. మీరు వెళ్లే చోట ఎంతో కనుక్కుని, నమోదు చేసిన సంఖ్య కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి. సహాయకుడు ఏ ప్లాట్‌ఫారం దాకా వస్తాడో తప్పకుండా అడగండి. కొన్నిచోట్ల ఒకరు రైలు నుంచి వంతెన దాకా తెచ్చి వదులుతారు, అక్కడి నుంచి మరొకరు తీసుకువెళ్లాలి. ఆ ఇద్దరి మధ్య ఖాళీలో ఎంతసేపు కూర్చోవాలో ఎవరి టైంటేబుల్లోనూ ఉండదు.

ప్లాట్‌ఫారాల కొసన పట్టాల మీదుగా సామాను బండ్లు దాటే దారి కొన్ని స్టేషన్లలో ఉంటుంది. వేళ మించిపోతున్నప్పుడు “అటునుంచి తోసుకెళ్లండి” అని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. మాకూ ఇచ్చారు. సిబ్బంది లేకుండా ఆ దారిన అడుగు పెట్టకండి. పట్టాల పక్క సందులో చక్రం చిక్కితే వచ్చే రైలు నడిపేవాళ్లకు మీరు కనిపించాక అది సమయానికి ఆగలేదు.

మిగతా సౌకర్యాల గురించి రెండు మాటలు. వీల్‌చైర్ గుర్తున్న మరుగుదొడ్డి ఉంది, తాళం వేసి ఉంది. తెరిపిస్తే లోపల బకెట్లు, తుడుపు కర్రలు, ఒక నిచ్చెన. వీల్‌చైర్ పూర్తిగా తిరగడానికి సుమారు 1500 మిల్లీమీటర్ల వ్యాసమున్న జాగా కావాలి. అక్కడ నిచ్చెన తీశాక కూడా తలుపు మూయడానికి చోటు చాలలేదు. చూపు లేనివాళ్ల కోసం నేల మీద పరిచే పసుపు పలకల సంగతీ అంతే. జపాన్‌కు చెందిన సెయిచీ మియాకే 1965లో వాటిని రూపొందించారు, 1967లో ఒకయామా నగరంలో మొదట పరిచారు. గీతల పలక దారి చూపుతుంది, చుక్కల పలక ఆగమంటుంది. మేము చూసిన ప్లాట్‌ఫారం మీద ఆ గీతల వెంట వెళ్తే నేరుగా నీళ్ల సీసాల డబ్బాల గుట్టకు తగులుతారు.

‘స్టేషన్ పక్కనే’ అని ప్రకటించుకునే వసతి గృహాలకు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. స్టేషన్‌కు ఏ వైపు అని అడగండి. టోక్యోలోని షింజుకు స్టేషన్‌కు 200కు పైగా దారులున్నాయి. తప్పు దారిలో బయటపడితే ‘పక్కనే’ అన్న మాటకు అర్థమే ఉండదు. అంత పెద్దవి కాని స్టేషన్లలో కూడా మెట్లు లేని ద్వారం ఒక్కటే ఉండి, అది మీ గదికి అవతలి వైపున ఉండవచ్చు.

ఇక కొనేటప్పుడు చేయాల్సింది. ప్రయాణం మొత్తం ఒకే ఒప్పందమా, వేర్వేరు టికెట్లను జతకలిపి అమ్ముతున్నారా అన్నది డబ్బు కట్టే పేజీలోనే వెతకండి. అసలు కీలకం ఇదే. ఒకే ఒప్పందమైతే రైలు తప్పినప్పుడు తరువాతి రైలులో పంపమని గట్టిగా అడగవచ్చు. ఐరోపా సమాఖ్య నియమంలోనైతే, టికెట్ అమ్మేవాళ్లు తమంతట తాము వేర్వేరు టికెట్లు జతచేసి ఒకే లావాదేవీలో అమ్మి, అవి వేర్వేరని ముందే స్పష్టంగా చెప్పకపోతే, రైలు తప్పినవాళ్లకు సొమ్మంతా తిరిగిచ్చి, దాని మీద 75 శాతం పరిహారం కట్టాలి. ఇంత రక్షణ లేనిచోట మారే వ్యవధిని మీరే పెంచుకోండి. సైటు చూపించే అతి తక్కువ వ్యవధిని, మెట్లు పరుగున ఎక్కగలిగిన మనిషిని దృష్టిలో పెట్టుకుని లెక్కించారని అనుకోండి. బయలుదేరే రోజు ఉదయం స్టేషన్‌కు ఫోను చేసి, ప్లాట్‌ఫారం సంఖ్యలు చెప్పి, ఆ రెండింటి లిఫ్టులూ నడుస్తున్నాయా అని విడివిడిగా అడగండి. ‘లిఫ్టులున్నాయి’ అన్న జవాబుతో ఫోను పెట్టేయకండి. ప్లాట్‌ఫారం చివరి నిమిషంలో మారే అలవాటు ఆ స్టేషన్‌కు ఉందా అని కూడా అడగండి. ఉందంటే మీరు వేసుకున్న లెక్క అంతా తారుమారవుతుంది.

అయినా చిక్కుకుంటే అక్కడికక్కడే రుజువులు పోగుచేయండి. చాలా లిఫ్టులకు తలుపు చట్రం మీదో లోపల మీటల పక్కనో ఒక సంఖ్య ఉంటుంది, దాన్ని ఫోటో తీయండి. అడ్డం పెట్టిన కాగితాన్ని, ప్లాట్‌ఫారం గడియారాన్ని కూడా తీయండి. స్టేషన్ అధికారి దగ్గర ఫిర్యాదు రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. మేము ఇవన్నీ జతచేసి ఉత్తరం రాశాక సహాయకుడి కోసం కట్టిన డబ్బు తిరిగి వచ్చింది. రెండో టికెట్ సొమ్ము గురించి మాత్రం ‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబే మళ్లీ మళ్లీ వస్తోంది.