డిస్కు కంపెనీ షేరు చవకా, ఖరీదా? తేల్చడానికి ఏ కొలత మేలు?

హార్డ్ డిస్కులు తయారుచేసే పెద్ద కంపెనీలు ప్రపంచంలో ఇప్పుడు మూడే మిగిలాయి: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. మొదటి రెండింటి షేర్లు అమెరికా మార్కెట్లో దొరుకుతాయి. అవి అసలు విలువకన్నా తక్కువ ధరకు వస్తున్నాయా అన్న ప్రశ్నకు మదుపరులు సాధారణంగా మూడు కొలతలను ఆశ్రయిస్తారు. ఏడాది లాభానికి ధర ఎన్ని రెట్లుందో చెప్పే పీఈ నిష్పత్తి మొదటిది, పుస్తక విలువతో (ఆస్తుల్లోంచి అప్పులు తీసివేస్తే మిగిలే మొత్తంతో) పోలిక రెండవది, అనేక సంవత్సరాల సగటు లాభంతో పోలిక మూడవది. సీగేట్ లెక్కలను ముందుంచుకుని చూస్తే మూడవదే మేలని నా అభిప్రాయం, అయితే దానికీ ఒక హద్దు ఉంది.

పీఈ నిష్పత్తి ఈ పరిశ్రమలో ఎందుకు తడబడుతుందో 2012 చూపిస్తుంది. అంతకుముందు అక్టోబరులో థాయ్‌లాండ్‌ను ముంచెత్తిన వరదల్లో వెస్టర్న్ డిజిటల్ కర్మాగారాలు నీట మునిగాయి, సీగేట్‌వి మాత్రం తప్పించుకున్నాయి. డిస్కులకు కొరత ఏర్పడి ధరలు పెరగడంతో, 2012 జూన్‌తో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో సీగేట్ 286 కోట్ల డాలర్ల లాభం, అంటే షేరుకు 6.49 డాలర్లు, ఆర్జించింది. ఆ వేసవిలో షేరు ధర 25 నుంచి 30 డాలర్ల మధ్య ఉన్నందున పీఈ నాలుగైదుకు మించలేదు. ఆ లాభం వరద తెచ్చిపెట్టినదని మార్కెట్‌కు తెలుసు. మరుసటి ఏడాది అది 184 కోట్లకు దిగిపోయింది కూడా. అయినా 2014 చివరికి షేరు 60 డాలర్లు దాటింది, ఎందుకంటే మార్కెట్ ఊహించినంతగా లాభం పడిపోలేదు, పైగా బైబ్యాక్‌ల వల్ల, అంటే కంపెనీ తన షేర్లను తానే తిరిగి కొనడం వల్ల, షేర్ల సంఖ్య తగ్గింది. అంటే షేరు నిజంగానే చవక, కానీ పీఈ నాలుగు కావడం దానికి రుజువు కాదు. ఇక 2023లో సీగేట్‌కు 53 కోట్ల డాలర్ల నష్టం రావడంతో పీఈ అన్న మాటకే అర్థం లేకపోయింది.

పుస్తక విలువ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఏళ్ల తరబడి బైబ్యాక్‌లకూ డివిడెండ్లకూ డబ్బు వెచ్చించిన సీగేట్ పుస్తక విలువ 2023 నాటికి సున్నాకన్నా దిగువకు చేరింది. వెస్టర్న్ డిజిటల్‌ది అదే సమయంలో షేరు ధరకు దాదాపు సమానంగా కనిపించినా, అందులో సింహభాగం సుమారు 1,000 కోట్ల డాలర్ల గుడ్‌విల్, ముఖ్యంగా 2016లో ఫ్లాష్ మెమరీ (చిప్‌లలో డేటా దాచే సాధనం) కంపెనీ శాన్‌డిస్క్‌ను కొన్నప్పుడు దాని ఆస్తుల విలువకు మించి చెల్లించిన అదనపు ధర. ఒకచోట కొలత పనిచేయదు, మరోచోట లేని భరోసా ఇస్తుంది.

సగటు లాభం తీరు వేరు. 2014 నుంచి 2023 వరకు పది ఆర్థిక సంవత్సరాలలో సీగేట్ లాభనష్టాలను కూడి భాగిస్తే ఏడాదికి దాదాపు 110 కోట్ల డాలర్లు తేలుతుంది. 2023 నాటి సుమారు 20.7 కోట్ల షేర్లకు పంచితే ఒక్కో షేరుకు ఐదు డాలర్ల పైమాట. ఆ వేసవిలో ధర 60 డాలర్ల దరిదాపుల్లో ఉంది కనుక సగటుకు పదకొండు, పన్నెండు రెట్లు; 500 కోట్ల డాలర్లకు మించిన అప్పును ధరకు, దాని వడ్డీని లాభానికి కలిపి చూస్తే ఆ సంఖ్య ఇంకొంచెం పెరుగుతుంది. కారుచవక అనలేము, ఖరీదనీ అనలేము. ఇక్కడ సగటుతో పాటు నగదు ప్రవాహాన్నీ చూడడం తప్పనిసరి. నష్టం వచ్చిన ఆ ఏడాది కూడా సీగేట్ పెట్టుబడి ఖర్చులు పోగా 62.6 కోట్ల డాలర్ల నగదు మిగుల్చుకుని, సుమారు 58 కోట్ల డివిడెండ్ చెల్లించగలిగింది. వెస్టర్న్ డిజిటల్ 2020లోనే డివిడెండ్ నిలిపివేసింది, 2023లో 170 కోట్ల డాలర్ల నష్టం చవిచూసింది. ఫ్లాష్ మెమరీ ధరల ఒడిదుడుకులు కూడా ఆ లెక్కల్లో కలిసి ఉన్నందున దాని సగటును నమ్మడం కష్టం. 2025 ఫిబ్రవరిలో శాన్‌డిస్క్‌ను విడదీసిన తరువాత పాత సంవత్సరాల సగటు దానికి వర్తించదు కూడా. తరువాత జరిగిన ఈ విభజనను లెక్కలోకి తీసుకోకపోయినా, 2023 వేసవిలో రెంటిలో ఒకటి ఎంచుకోవలసి వస్తే సీగేట్ వైపే మొగ్గడానికి మిగతావి చాలిన కారణాలు.

హద్దు ఎక్కడంటే, సగటు గతాన్నే చెబుతుంది. 2025లో సీగేట్ షేరు 200 డాలర్లు దాటినప్పుడు అదే సగటుకు దాదాపు నలభై రెట్లు అయింది. అది ఖరీదే అనాలంటే పరిశ్రమ మారలేదని నమ్మాలి. కానీ లేజరు వేడితో డేటా రాసే హామర్ డిస్కులు 30 టెరాబైట్లు దాటాయి, డేటా సెంటర్ల గిరాకీ పెరిగింది, 2023లో 18 శాతం దగ్గర ఉన్న సీగేట్ స్థూల లాభ శాతం (అమ్మకాల్లో తయారీ ఖర్చు పోగా మిగిలే వాటా) 2025లో 35కు చేరింది. ఇది నిలకడైన మార్పా, హెచ్చుతగ్గుల చక్రంలో మరో శిఖరమా అన్నది గిరాకీ బలంగా ఉన్న త్రైమాసికాలు తేల్చలేవు. తిరిగి ఆర్డర్లు తగ్గిన ఏడాదిలో ఆ శాతం పాత 18కి పడిపోతుందా, 25కు పైన నిలుస్తుందా అన్నదే తేల్చాలి.