స్కూల్ నాటక బృందం: రెండేళ్లు చూశాక చెబుతున్నా
మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో స్కూల్ నాటక బృందంలో చేరినప్పుడు మార్కులు తగ్గుతాయేమోనని నాకు చాలా టెన్షన్‌గా ఉండేది. రెండేళ్లయింది. నలుగురిలో నోరు విప్పని పిల్ల ఇప్పుడు మైకు లేకపోయినా చివరి వరుసకు వినబడేలా, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలిసి మాట్లాడుతోంది. అంతకన్నా నాకు నచ్చింది రిహార్సల్స్. ఎదుటివాళ్ల డైలాగ్ పూర్తిగా వింటేనే తన డైలాగ్ అందుకోగలదు కాబట్టి శ్రద్ధగా వినడం అలవాటైంది, ఒకరు మాట మరిచిపోతే పక్కవాళ్లు సన్నివేశం ఆగకుండా నడిపిస్తారు, తెర వెనక లైట్లు, దుస్తులు చూసుకునే పిల్లలకూ అంతే బాధ్యత ఉంటుంది. ఒక్కటే ఇబ్బంది, ప్రదర్శన దగ్గరపడితే రిహార్సల్స్ బాగా ఆలస్యమవుతాయి, ఆ వేళలు ముందే చెప్పాలి. వేషం చిన్నదైనా సరే, పిల్లల్ని చేర్పించండి. మా చిన్నవాడి పేరు కూడా ఇచ్చేశాం.