పాత ఫోర్డ్ 8ఎన్‌కి కింది హోసు హీటరు: చలికాలమంతా వాడి చూశాక

మైనస్ 20 సెల్సియస్‌లో పాత పెట్రోలు ట్రాక్టరు సెల్ఫ్‌కి లేవాలంటే ఏం కొనాలని అడిగేవాళ్లకి నా జవాబు ముందే చెప్పేస్తాను. రేడియేటరు కింది హోసులో బిగించే 600 వాట్ల హీటరు కొనండి. అంతకంటే ముందు లావుపాటి బ్యాటరీ కేబుళ్లు వేయించండి. ఆయిలు ఛాంబరుకి అతికించే అయస్కాంతం హీటరు ఆ తర్వాతి మాట. ఇంజను త్వరగా అంటుకోవాలని గాలి దారిలో కొట్టే ఈథర్ స్ప్రే డబ్బా జోలికి మాత్రం పోవద్దు.

మేముండేది మిన్నెసోటాలో, ఊరికి బాగా బయట. రోడ్డు మీంచి ఇంటి గుమ్మం దాకా పొడుగాటి కంకర దారి. నాకు పొద్దున 7 గంటలకల్లా డ్యూటీ. మా ఆయన పనిమీద వారంలో సగం రోజులు ఊళ్లో ఉండరు. రాత్రి మంచు పడిందంటే తెల్లారకుండానే ట్రాక్టరు లేవాలి, వెనక బ్లేడు దించి దారి తోయాలి, అప్పుడే కారు బయటికి వస్తుంది. కాబట్టి ఇది నాకు సరదా వస్తువు కాదు, ఇంటికి కావలసిన పనిముట్టు.

ట్రాక్టరు 1949 నాటి ఫోర్డ్ 8ఎన్. పక్క పొలం పెద్దాయన దగ్గర కొన్నాం. నాలుగు సిలిండర్లు, 120 క్యూబిక్ అంగుళాల ఫ్లాట్‌హెడ్ పెట్రోలు ఇంజను, 6 వోల్టుల బ్యాటరీ, అదీ పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ కొస బండి ఇనుముకి తగిలించినది. 1947 నుంచి 1952 దాకా ఫోర్డ్ కంపెనీ ఈ మోడల్‌ని ఐదు లక్షలకు పైగా తయారుచేసింది. అందుకే ఇప్పటికీ ఈ పల్లెల్లో షెడ్డు తలుపు తీస్తే ఒకటి కనబడుతుంది, విడిభాగాలన్నీ కొత్తవి దొరుకుతాయి. బాపట్ల దగ్గర మా నాన్న నడిపింది టాఫే వాళ్ల మాసీ ఫెర్గూసన్. దానికీ దీనికీ ఒక చుట్టరికం ఉంది. వెనక మూడు పాయింట్ల లింకేజీ రెండింటికీ హ్యారీ ఫెర్గూసన్ నుంచే వచ్చింది. బ్లేడు తగిలించేటప్పుడు పిన్ను ఎటు దూర్చాలో నాకెవరూ నేర్పక్కర్లేకపోయింది. కానీ నాన్నది డీజిలు. పైగా మా ఊళ్లో డిసెంబరు చలి అంటే తెల్లవారుజామున దుప్పటి కప్పుకునేంత. చలికి ఇంజను మొండికేయడమనే సమస్యే నేను చిన్నప్పుడు చూడలేదు, ఇక్కడికొచ్చాకే నేర్చుకున్నాను.

పెట్రోలు ఇంజను చలిలో ఎందుకు లేవదో తెలిస్తేనే ఏ హీటరు ఎందుకో అర్థమవుతుంది. దీంట్లో రెండు వేర్వేరు కష్టాలున్నాయి. ఒకటి, ఇంజను తిరగదు. ఆయిలు చిక్కబడి బంకలా పట్టుకుంటుంది. బ్యాటరీ కూడా చలికి డీలా పడుతుంది. మైనస్ 18 దగ్గర లెడ్ యాసిడ్ బ్యాటరీ శక్తి, వేసవిలో ఉండేదాంట్లో సగం కూడా ఉండదు. రెండోది, తిరిగినా అంటుకోదు. పెట్రోలు ద్రవంగా ఉంటే మండదు, ఆవిరై గాలిలో కలవాలి. మంచులా ఉన్న ఇనుములో అది చుక్కలుగానే మిగిలిపోతుంది. ఈ ట్రాక్టరు కార్బొరేటరేమో కింద ఉంటుంది, పెట్రోలు గాలితో పాటు పైకి ఎక్కాలి. ఇంజను నెమ్మదిగా తిరిగితే గాలికి ఆ ఊపు చాలక చుక్కలు మళ్లీ కిందికే జారతాయి. దీనికి తోడు 6 వోల్టుల బండిలో సెల్ఫ్ మోటారే కరెంటంతా లాగేసుకుంటుంది. కాయిల్‌కి మిగిలే వోల్టేజీ పడిపోయి, ప్లగ్గు దగ్గర నిప్పు రవ్వ బలహీనంగా వస్తుంది. ఒకదాని బరువు ఇంకోదాని మీద పడుతుందన్నమాట.

చాలామంది మొదట కొనేది అయస్కాంతం హీటరు. నేనూ అదే తెచ్చాను, 200 వాట్లది. పైన పిడి ఉంటుంది, ఆయిలు ఛాంబరుకి అతికించి ప్లగ్గు పెట్టడమే. చాలా ఇంజన్లకి ఛాంబరు అల్యూమినియం కాబట్టి అది అతుక్కోదు. 8ఎన్‌కి మాత్రం పోత ఇనుము, గట్టిగా పట్టుకుంటుంది. రెండు మూడు గంటలుంచితే ఆయిలు పలచబడిన తేడా సెల్ఫ్ కొట్టగానే వినబడుతుంది, ఇంజను హాయిగా తిరుగుతుంది. కానీ సిలిండర్లు, వాటిలోకి పెట్రోలు వెళ్లే దారులైన పోర్టులు చల్లగానే ఉంటాయి కదా. మొదటి కష్టం తీరింది, రెండోది అలాగే ఉంది. మైనస్ 10 దాకా అది చాలింది. అంతకంటే దిగితే ఇంజను తిరుగుతూనే ఉంటుంది, అంటుకోదు. ఒక్కోసారి రెండు దెబ్బలు దగ్గి ఆగిపోతుంది. అదింకా చేటు, ఎందుకంటే పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది, అది చల్లటి ప్లగ్గు మొన మీద మంచుగా పేరుకుని ఖాళీని మూసేస్తుంది. ఇక ఆ ప్లగ్గులు విప్పి ఇంట్లోకి తెచ్చి వెచ్చబెడితే తప్ప రవ్వ రాదు. పైగా షెడ్డుకి గోడలు లేకపోతే గాలికి ఈ హీటరు వేడి నిలవదు.

అసలు గుణం కనిపించింది కింది హోసు హీటరుతో. నేను కొన్నప్పుడు ఖరీదు 60 డాలర్ల లోపే. రెండు చివర్లా గొట్టం మూతులున్న చిన్న లోహపు డబ్బా, లోపల హీటింగ్ ఎలిమెంటు, పక్కనుంచి వైరు. రేడియేటరు అడుగు నుంచి వాటర్ పంపుకి వచ్చే హోసుని మధ్యలో కోసి దీన్ని ఇరికించి క్లిప్పులు బిగించాలి. మోటారేమీ లేదు. వేడెక్కిన నీళ్లు తేలికై వాటంతటవే పైకెక్కి బ్లాకులోకి, అంటే సిలిండర్లుండే ఇంజను మొద్దులోకి పోతాయి. ఫ్లాట్‌హెడ్ ఇంజనుకి ఇది ప్రత్యేకంగా పనికొస్తుంది. వాల్వులూ, పెట్రోలు లోపలికి వెళ్లే పోర్టులూ పైన మూతలా ఉండే హెడ్‌లో కాక బ్లాకులోనే ఉంటాయి కాబట్టి నీళ్ల వేడి నేరుగా వాటికి తగులుతుంది. పెట్రోలు ఎక్కడ ఆవిరవ్వాలో సరిగ్గా అక్కడే వెచ్చబడుతుంది. అలా మూడు గంటలుంచాక, చోక్ లాగి సెల్ఫ్ నొక్కితే ఇంజను ఒకటి రెండు చుట్లలోనే అందుకుంటోంది. చోక్ కూడా వెంటనే లోపలికి నెట్టేయవచ్చు.

బిగించడంలో ఒక చిక్కుంది, అది హీటరుతో వచ్చిన కాగితంలో లేదు. 8ఎన్‌కి థర్మోస్టాట్, అంటే ఇంజను వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్లోకి పోనివ్వని కవాటం, పై హోసు లోపల కూర్చుంటుంది. పాత ట్రాక్టర్లలో చాలావాటికి ఎవరో ఎప్పుడో అది తీసి పారేసి ఉంటారు. మేం కొన్నప్పుడు మాదానికీ లేదు. అది లేకపోతే బ్లాకులో వేడెక్కిన నీళ్లు పై హోసు గుండా రేడియేటర్లోకి పోయి, అక్కడ చల్లారి మళ్లీ కిందికి వస్తాయి. మీరు కట్టే కరెంటు బిల్లుతో షెడ్డు గాలి వెచ్చబడుతుంది. కొత్త థర్మోస్టాట్ వేయించాకే ఈ హీటరు సత్తా తెలిసింది. రేడియేటరు ముందు ఒక పాత బొంత కూడా వేస్తాను, స్టార్టు చేసే ముందు తీసేస్తాను. ఇంకో సంగతి, హీటరు డబ్బా కాస్త వాలుగా, పంపు వైపు మూతి ఎత్తులో ఉండేలా అమరాలి. లేదంటే సగం వేడి వెనక్కి రేడియేటర్లోకే పోతుంది.

కూలెంటు నింపాక ఇంజను నడిపి లోపలి గాలంతా పోయేదాకా ప్లగ్గు పెట్టకండి. ఎలిమెంటు చుట్టూ నీళ్లు లేకుండా గాలి బుడగ నిలిచిందంటే నిమిషాల్లో మాడిపోతుంది. సరిగ్గా పనిచేస్తుంటే చెవి దగ్గర పెట్టినప్పుడు ఎసరు కాగుతున్నట్టు సన్నగా సుయ్యిమంటుంది. దీనికి దీపం లేదు కాబట్టి కరెంటు వస్తోందో లేదో నాకు తెలిసేది ఆ చప్పుడుతోనే. కూలెంటు సగానికి సగం నీళ్లు, గ్లైకాల్ కలిపింది వాడండి, మైనస్ 37 దాకా గడ్డకట్టదు. హీటరుంది కదా అని ఉత్త నీళ్లు పోస్తే, కరెంటు పోయిన రాత్రి బ్లాకు పగులుతుంది.

దీంట్లో నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. దాంతో వచ్చిన క్లిప్పులు నాసిరకం, మొదటి వారంలోనే చుక్క చుక్క కారింది. వెడల్పాటి స్టీలు క్లిప్పులు విడిగా తెచ్చి మార్చాను. వైరు మరీ పొట్టి. దాన్ని ఫ్యాను బెల్టుకి తగలకుండా జిప్ టైలతో కట్టాలి. వేడి చాలాక దానంతటదే ఆగే ఏర్పాటు లేదు, మనమే టైమరు పెట్టుకోవాలి. బయట వాడే టైమరుని రాత్రి 2 గంటలకి అంటుకునేలా పెడతాను. 600 వాట్లు మూడు గంటలంటే 1.8 యూనిట్లు, మా రేటుకి 30 సెంట్లు కూడా కాదు. రాత్రంతా పెట్టి ఉంచడం దండగ, మూడు నాలుగు గంటల తర్వాత ఎక్కే వేడీ పోయే వేడీ సమానమైపోతాయి. ఎక్స్‌టెన్షన్ తీగ 14 గేజిది, చలికి బిరుసెక్కని రబ్బరుది కొనండి. మామూలు ప్లాస్టిక్ తీగ మైనస్ 20లో కర్రలా బిగిసి, వంచితే పైతొడుగు చిట్లుతుంది. ఆ తీగ కొస నేను స్టీరింగుకి చుట్టి పెడతాను, విప్పకుండా బండి కదిలించడం కుదరదు.

కేబుళ్ల విషయం మొదట్లోనే ఎందుకన్నానంటే, పక్క పొలం పెద్దాయన నాకు బండి అప్పగించేటప్పుడు గట్టిగా చెప్పిన మాట అదొక్కటే. 6 వోల్టుల బండికి అదే పనికి రెట్టింపు కరెంటు కావాలి. దుకాణంలో వేలాడే కేబుళ్లు ఎక్కువగా 12 వోల్టుల కార్ల కోసం చేసినవి, సన్నవి. వాటిలోనే వోల్టేజీ పోతుంది. 1/0 గానీ 2/0 గానీ గేజి రాగి కేబుళ్లు వేసి, ఎర్త్ తగిలే చోట పెయింటూ తుప్పూ గీకి మెరిసేలా చేస్తే సెల్ఫ్ వేగమే మారిపోతుంది. చాలామంది 6 వోల్టులే రోగమనుకుని 12కి మార్పించేసుకుంటారు. మార్చుకున్నవాళ్లని తప్పుపట్టను, కానీ కేబుళ్లు మార్చకుండా ఆ ఖర్చుకి దిగడం నాకు సబబుగా తోచదు. బ్యాటరీ చార్జింగు నిండుగా ఉండాలి. డిస్చార్జి అయిన బ్యాటరీ లోపలి ద్రవం చలికి గడ్డకట్టి డబ్బా పగులుతుంది, నిండుగా ఉన్నది గడ్డకట్టదు. 6 వోల్టుల చిన్న చార్జరు చలికాలమంతా తగిలించి ఉంచుతాను.

ఈథర్ స్ప్రే గురించి. వాడేవాళ్లున్నారు, పనిచేస్తుంది కూడా. కానీ అది సిలిండరు గోడల మీది ఆయిలుని కడిగేస్తుంది. ఈ కార్బొరేటరులో పెట్రోలుని ఆపే సూది (నీడిల్) కాస్త అరిగితే చాలు, పెట్రోలు కింద చుక్కలు పడుతుంది. అలాంటి చోట ఈథర్ కొట్టినప్పుడు ఇంజను వెనక్కి తన్నితే మంట ఎక్కడికి పోతుందో ఆలోచించండి. అయస్కాంతం హీటరుతోనూ నా భయం ఇదే. దాని పైభాగం చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, కార్బొరేటరు కిందికి మాత్రం దాన్ని జరపకండి. రాత్రి బండి ఆపగానే ట్యాంకు అడుగున ఉన్న పెట్రోలు కాక్ కట్టేయడం అలవాటు చేసుకోండి. షెడ్డులో గడ్డి, పాత గుడ్డలు ట్రాక్టరు చుట్టూ ఉండకూడదు.

ఇంజను వెచ్చబెట్టే హీటర్లలో పేరున్నదొకటి పుట్టింది ఇక్కడికి దగ్గరే. మా పక్క రాష్ట్రం నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్‌లో ఆండ్రూ ఫ్రీమన్ అనే ఆయన ఇంజను హెడ్‌ని బిగించే బోల్టు స్థానంలో పెట్టే హీటరు చేసి 1949లో పేటెంటు పొందాడు. మా ట్రాక్టరు పుట్టిన సంవత్సరమూ అదే కావడం నాకు భలే ఇష్టం. ఇక్కడ పాత పార్కింగుల్లో కార్ల ముందు కరెంటు ప్లగ్గులున్న స్తంభాలు ఎందుకున్నాయో నాకు మొదట్లో అర్థం కాలేదు, దీనికే.

హీటరు ఎంత మంచిదైనా స్టార్టు చేసే పద్ధతి కూడా ఉండాలి. క్లచ్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ నొక్కండి. లేకపోతే గేరుబాక్సులో గడ్డకట్టినట్టున్న ఆయిలుని కూడా సెల్ఫే తిప్పాలి. 8ఎన్‌లో బ్లేడుని ఎత్తే హైడ్రాలిక్ పంపు పీటీవో (వెనక పనిముట్లకి ఇంజను శక్తి అందించే ఇరుసు) మీద నడుస్తుంది కాబట్టి పీటీవో లివరు తప్పించి ఉంచండి. గేరు న్యూట్రల్‌లో లేకపోతే సెల్ఫ్ బటను ఎలాగూ పనిచేయదు. ఆయిలు 10డబ్ల్యూ-30 పోస్తున్నాను, పెద్దాయన వేసవిలో వాడిన ఉత్త 30 నంబరు చలికాలానికి పనికిరాదు. మైనస్ 25 దాటిన రోజుల్లో రెండు హీటర్లూ పెడతాను, హోసుది బ్లాకుకి, అయస్కాంతంది ఆయిలుకి.

గోడలున్న గ్యారేజీలో బండి పెట్టుకునేవాళ్లకి, ఎప్పుడో ఒకసారి తీసేవాళ్లకి అయస్కాంతం హీటరు చాలు, హోసు కోయక్కర్లేదు. నాలాగా డ్యూటీకి వేళ తప్పకుండా దారి తోయాల్సిన వాళ్లు హోసు హీటరే తీసుకోండి. క్లిప్పులు, పొట్టి వైరు వల్ల ఒక మార్కు తగ్గించి ఐదుకి నాలుగిస్తాను. వీటిని హోసు లోపలి కొలతని బట్టి వేర్వేరు సైజుల్లో అమ్ముతారు. పాత ట్రాక్టర్లకి ఎవరెవరో మార్చిన హోసులు ఉంటాయి కాబట్టి మోడల్ పేరు చెప్పి కొనకండి. మీ కింది హోసు విప్పి దుకాణానికి తీసుకెళ్లి, హీటరు మూతికి తొడిగి చూసి కొనండి. ఆ పని అక్టోబరులోనే పెట్టుకోండి, మంచు పడ్డాక చల్లటి కూలెంటులో చేతులు పెట్టడం చాలా కష్టం.