మా మూడు కిలోల ఇనప పెనం, పదకొండేళ్ళ తర్వాత

ఈ పోత ఇనుము పెనం 2014 సంక్రాంతికి కొన్నాం. అప్పట్నుంచి వారంలో నాలుగు రోజులు దోసెలో పెసరట్లో దీని మీదే పడుతున్నాయి. కాటా మీద పెడితే 2 కిలోల 800 గ్రాములు తూగింది. పక్కనున్న నాన్‌స్టిక్ అల్యూమినియం పెనం 600 గ్రాములే.

ఇనుము వేడిని బాగా పట్టి ఉంచుతుందని అందరూ అంటారు, నేనూ అలాగే అనుకునేదాన్ని. మా అమ్మాయి చేత విశిష్టోష్ణం (ఒక గ్రాము పదార్థం ఒక డిగ్రీ వేడెక్కడానికి ఎంత వేడి కావాలో చెప్పే కొలత) లెక్కలు చేయిస్తున్నప్పుడు గానీ తెలియలేదు, అది సగమే నిజమని. ఒక గ్రాము ఇనుము ఒక డిగ్రీ వేడెక్కడానికి దాదాపు 0.45 జౌళ్ళు చాలు (జౌల్ అంటే వేడిని కొలిచే ప్రమాణం). అల్యూమినియానికి 0.9 కావాలి. తూకానికి తూకం వేస్తే అల్యూమినియమే రెట్టింపు వేడి పట్టుకుంటుంది! మరి మా పెనం ఎందుకు గెలుస్తోంది? బరువు వల్ల. అది ఒక్క డిగ్రీ చల్లారాలంటే సుమారు 1,260 జౌళ్ళు వదలాలి. నాన్‌స్టిక్‌కి 540 వదిలితే సరిపోతుంది.

దీని ఫలితం దోసెలో కనిపిస్తుంది. గరిటెడు పిండి అంటే 80 గ్రాములు, అందులో ఎక్కువ భాగం నీళ్ళే. అది మరిగే వేడికి రావడానికే 20 కిలోజౌళ్ళ పైన తాగుతుంది. ఆ వేడంతా పెనమే ఇచ్చిందనుకుంటే ఇనప పెనం 16, 17 డిగ్రీలు దిగుతుంది, పలచటి పెనం 40 దాకా దిగుతుంది. నాన్‌స్టిక్ మీద రెండో దోసె, మూడో దోసె పాలిపోయినట్టు రావడానికి కారణం ఇదే. పిండిని తిట్టుకోకండి.

చివరి దోసెకి నేను పొయ్యి కట్టేస్తాను. పిండి తిప్పి, అంచున అర చెంచా నూనె వేసి, మూత పెట్టి వదిలేస్తే పెనంలో దాచుకున్న వేడికే అడుగు ఎర్రగా కాలుతుంది. నాన్‌స్టిక్ మీద ఇలా చేసి చూశాను, పిండి అతుక్కుని పచ్చిగానే ఉండిపోయింది.

ఇదే గుణం ఎదురు తిరిగే సందర్భమూ ఉంది. పెనం ఒకసారి మితిమీరి కాలిందంటే మంట తగ్గించినా వెంటనే మాట వినదు, పిండి వేస్తే గరిటెతో పాటే లేచి వచ్చేస్తుంది. అప్పుడు దోసెల బండి వాళ్ళు చేసే పనే చెయ్యాలి: నీళ్ళు చిలకరించి తుడవడం. నీరు ఆవిరయ్యేటప్పుడు గ్రాముకి 2,260 జౌళ్ళు లాక్కుపోతుంది. రెండు చెంచాల నీళ్ళు, అంటే పది గ్రాములు, పూర్తిగా ఆవిరైతే మా పెనం దాదాపు 20 డిగ్రీలు దిగుతుంది. తర్వాత ఉల్లిపాయ చెక్కతో నూనె రుద్ది పిండి వేస్తే చక్కగా పరుచుకుంటుంది.

చిలకరించాలి, పొయ్యకూడదు. దీనికి ముందు కొన్న పెనం మీద తొందరలో చెంబెడు చన్నీళ్ళు పోశాను. టప్పున శబ్దం వచ్చింది, మధ్య నుంచి అంచు దాకా వెంట్రుకంత పగులు. పోత ఇనుము పెళుసు. ఒక చోట చల్లబడి ముడుచుకుంటే, పక్కన వేడిగా ఉన్న చోటు దాన్ని ముడుచుకోనివ్వదు. అంతే, విరుగుతుంది. మా అత్తగారు ఇచ్చిన డబ్బుతో కొన్నది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఇంకో లోపం: ఇనుములో వేడి నెమ్మదిగా పాకుతుంది. చిన్న బర్నర్ మీద పెద్ద మంట పెడితే నడుమ మాడుతుంది, అంచులు పచ్చిగా ఉంటాయి. పెద్ద బర్నర్ మీద మధ్యస్థం మంటతో ఏడెనిమిది నిమిషాలు ఆగండి. గ్యాసు ఎక్కువ పడుతుంది, కాదనను. తడి ఉంచితే మర్నాటికే తుప్పు పడుతుంది. ఆరబెట్టి నూనె రాయాల్సిందే.

కొనేవాళ్ళకి చెప్పేది ఒకటే. ఇనుమా కాదా అని ఆగిపోకుండా తూకం అడగండి. రేకులా పలచగా ఉన్న ఇనప పెనంలో ఈ గుణాలేవీ ఉండవు. ఇంట్లో మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళుంటే మాత్రం వద్దు. నాకూ ఆ నొప్పి మొదలైంది. రెండేళ్ళుగా మా పెనాన్ని పొయ్యి మీంచి దించేది మా అమ్మాయే.