జర్నల్‌లో "ఎడమ వైపు" అంటే ఏ ఒడ్డు? ఏ లెక్క మేలు?

కెనడా ఫర్ ట్రేడ్ (జంతువుల బొచ్చు చర్మాల వ్యాపారం) రోజుల జర్నల్స్, అంటే ఆ వ్యాపారులు రాసుకున్న ప్రయాణ డైరీలు చదివేవాళ్లకి ఒక్కటే చెప్తాను, ఎడమ అని కనపడగానే మ్యాప్ మీద పెన్సిల్ పెట్టేయకండి.

ఇప్పటి లెక్క మనకి తెలిసిందే, నీళ్లు పోయే వైపు మొహం పెట్టి నిలబడితే ఎడమ చేతి వైపుది ఎడమ గట్టు. నాగార్జునసాగర్ కుడి కాలువ, ఎడమ కాలువ కూడా ఈ లెక్కే. కానీ కెనూలో కూర్చుని రాసుకున్న మనిషికి తన చెయ్యే కొలత, పడవ ఎటు పోతుంటే అటే ముందు. 1800లో నార్త్ వెస్ట్ కంపెనీ వ్యాపారి అలెగ్జాండర్ హెన్రీ రెడ్ రివర్ ఎదురెక్కి వెళ్లి పార్క్ రివర్ దగ్గర ఫోర్ట్ కట్టాడు. రెడ్ రివర్ ఉత్తరానికి పారే నది, అంటే పైకి వెళ్లడమంటే దక్షిణానికి వెళ్లడం, మ్యాప్‌లో కిందికి! పార్క్ రివర్ పడమటి నుంచి వచ్చి కలుస్తుంది కాబట్టి ఎదురెక్కేవాడికి అది కుడి చేతి వైపు, ఇప్పటి లెక్కలో చూస్తే ఎడమ గట్టు. చోటు ఒకటే, మాట తిరగబడింది. మిస్సోరి మీద లూయిస్, క్లార్క్‌లదీ ఇదే కథ (వాళ్లది అమెరికా ప్రభుత్వం పంపిన యాత్ర, వ్యాపారం కాదు), 1804లో ఎదురెక్కుతూ లార్‌బోర్డ్ అని రాస్తే అది పడవకి ఎడమ, నదికి కుడి గట్టు.

అందుకే ఉత్తరం, దక్షిణం అని రాసి ఉంటే నాకు ప్రాణం లేచొస్తుంది, మనిషి ఎటు తిరిగినా దిక్కు మారదు కదా. దీంట్లోనూ తిరకాసు లేకపోలేదు, నార్త్ సస్కాచెవాన్ మొత్తం మీద తూర్పుకి పోయే నది, ఎడ్మంటన్ దగ్గర మాత్రం ఈశాన్యానికి మళ్లుతుంది, అలాంటి చోట "దక్షిణం వైపు" అంటే ఆ ఒక్క మలుపు చూడకుండా నది మొత్తం నడక చూడాలని నా అభిప్రాయం. ఇంకోటి, పెంబినా అనే ఉపనది రెడ్ రివర్‌లో కలిసే చోట "ఉత్తరం వైపు" అని కనిపిస్తే ఏ నదికి ఉత్తరం? రెడ్ రివర్‌కి అక్కడ తూర్పు పడమర ఒడ్లే ఉన్నాయి, కాబట్టి ఆ మాట పెంబినాదే అయ్యుండాలి.

కొలంబియా దగ్గర దిక్కులు కూడా ఒంటరిగా చాలవు. మొదట వాయువ్యానికి పోయి పెద్ద వంపు తిరిగి దక్షిణానికి దిగుతుంది, కుడి గట్టు పైన తూర్పున ఉంటే వంపు దాటాక పడమటికి వచ్చేస్తుంది. 1807లో రాకీస్ దాటి వచ్చి అక్కడ కూటనే హౌస్ అనే వ్యాపార స్థావరం కట్టిన నార్త్ వెస్ట్ కంపెనీ సర్వేయర్ డేవిడ్ థాంప్సన్‌కే అది కొలంబియా అని అప్పట్లో తట్టలేదు, నది ఉత్తరానికి పోతోంది మరి.

నా ఓటు అయితే ఇలా, దిక్కు రాసి ఉంటే ముందు దాన్నే నమ్ముతాను, కుడిఎడమలే ఉంటే ఆ రోజు పడవ ఎదురెక్కిందా వాలుకి దిగిందా అని చూస్తాను, ఇప్పటి గట్టు లెక్క చివరికి. ఏది తీసుకున్నా ఆ పూట దాటిన ఒక ఉపనది పేరు పట్టుకుని సరిచూసుకోవాల్సిందే, వాగు కలిసే చోటు ఒడ్డు మారదు. థాంప్సన్ అయితే మలుపు మలుపుకీ దిక్కు, దూరం రాసుకుంటూ పోయాడు, వాటిని వరసగా కాగితం మీద గీస్తే ఆయన పడవ ముక్కు ఏ పూట ఎటు ఉందో కనిపిస్తుంది, అప్పుడు ఆయన ఎడమ ఏదో అడగక్కర్లేదు.