సముద్రం కనిపించే రూము

మా ఇల్లు తిరుపతి బస్టాండుకు నడిచి వెళ్లేంత దూరం. ఏడాది పొడుగునా చుట్టాల ఫోన్లే. "కొండకు వస్తున్నాం, రూము ఎక్కడ తీసుకోమంటావ్?" అని. నాది ఎప్పుడూ ఒకటే పాట. రూము రూము అని వెంటపడేవాడి మాట వినొద్దు, ఫోన్లో చెప్పిన రేటు మెసేజీలో పెట్టించుకోండి, ఖాళీ చేసే టైము ముందే అడగండి. ఇరవై ఏళ్లుగా ఊరందరికీ ఇది చెబుతున్నదాన్ని, ఈ జనవరిలో రామేశ్వరం వెళ్లి ఒక్కటి కూడా పాటించకుండా మోసపోయి వచ్చాను. ఆ కడుపుమంటతోనే ఇది రాస్తున్నా. మిగతా ట్రిప్పు బాగానే జరిగింది కాబట్టి దాని గురించి తక్కువే ఉంటుంది.

వెళ్లింది నలుగురం. నేను, మా ఆయన, మా అత్త, పదకొండేళ్ల పాప. సొంత కారు. అయిదు రోజులు, నాలుగు రాత్రులు. మా ఆయన మొదటి ప్లానులో కన్యాకుమారి కూడా ఉంది. మ్యాపులో వేలు పెట్టి "అంతా సముద్రం పక్కనే రోడ్డు, సాఫీగా పోతాం" అన్నారు. ఆ సాఫీ అనే మాట నమ్మకండి. తూర్పు తీరం రోడ్డు పుదుచ్చేరి దాకా బాగుంటుంది. ఆ తర్వాత ప్రతి ఊళ్లో సంత, స్పీడు బ్రేకర్లు, రోడ్డు మీద ఆరబోసిన వడ్లు. ఫోను ఆరు గంటలంటే ఎనిమిది గంటలు వేసుకోవాలి. రోజుకు 250 కిలోమీటర్లు దాటితే చూసేది ఏమీ ఉండదు, కూర్చుని నడుం పట్టుకోవడమే. ఈ లెక్క చెప్పి కన్యాకుమారి కొట్టేయించాను. దానికి ఆయన మొదటి రోజు కాంచీపురం దాకా నాతో మాట్లాడలేదు.

కాంచీపురం ఎందుకంటే, తిరుపతి వాళ్లకు చెన్నైలో దూరాల్సిన పని లేదు. పుత్తూరు, నగరి, తిరుత్తణి, కాంచీపురం, చెంగల్పట్టు మీదుగా పోతే నేరుగా మహాబలిపురంలో తేలతాం. పెట్రోలు ఇక్కడ ఫుల్ ట్యాంకు కొట్టించకండి. నగరి దాటితే లీటరుకు ఏడెనిమిది రూపాయలు తక్కువ, పుదుచ్చేరిలో ఇంకా తక్కువ. కారైకాల్ కూడా పుదుచ్చేరి కిందికే వస్తుంది, మన యానాం లాగా. దారిలో అక్కడ మళ్లీ నింపుకోవచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం ఆ వైపు ప్లాను పెట్టుకోవద్దు. ఈశాన్య రుతుపవనాల వానలు, వాయుగుండాలు అన్నీ ఆ తీరానికే.

మహాబలిపురంలో మనిషికి 40 రూపాయల టికెట్టు, పిల్లలకు లేదు. అదే టికెట్టు మీద సముద్రం గట్టున గుడి, పంచ రథాలు రెండూ చూడొచ్చు. రాత్రికి పుదుచ్చేరి. రూము 2,600, శుభ్రంగా ఉంది, చెప్పడానికి ఏమీ లేదు. బీచ్ అనగానే ఇసుకలో ఆడొచ్చనుకున్న పాప అక్కడ నల్ల రాళ్లు చూసి మూతి ముడుచుకుంది. సాయంత్రం ఆ రోడ్డు మీదికి బండ్లు రానివ్వరు కాబట్టి అత్త మాత్రం హాయిగా గంటసేపు నడిచింది.

రెండో రోజు పొరపాటు నాదే. తిరుమల పక్కన ఉండేవాళ్లకు ఒక అలవాటు. గుడి అంటే రోజంతా తెరిచే ఉంటుందనుకుంటాం. తమిళనాడులో చాలా గుళ్లకు మధ్యాహ్నం పన్నెండయితే తలుపులు వేసేస్తారు, మళ్లీ తీసేది సాయంత్రమే. పాపను ఇసుక ఉన్న బీచ్‌కి తీసుకెళ్లి, తీరిగ్గా టిఫిను తిని, చిదంబరం చేరేసరికి పన్నెండూ పది. నటరాజస్వామి గుడి ముందు పూలమ్మి మమ్మల్ని చూసి చెయ్యి తిప్పింది. అత్త ఏమీ అనలేదు. శీర్గాళి దాటినా ఏమీ అనలేదు. ఆమె తిడితేనే నయం. అందుకని ఆ వైపు వెళ్తే పొద్దున గుడి, మధ్యాహ్నం ప్రయాణం, సాయంత్రం గుడి, అంతే.

ఆ కోపం తరంగంబాడిలో కరిగింది. అసలు ఆ ఊరు మా ప్లానులో లేదు. టీ కోసం పక్కకు తిప్పాం. 1620లో డెన్మార్కు వాళ్లు కట్టిన కోట, కోట ముందు ఎండలో ఖాళీ మైదానం, వెనక సముద్రం, పక్కన సగం అలలు మింగేసిన శివాలయం. మేం వెళ్లినప్పుడు జనం పది మంది కూడా లేరు. ఇంకో సంగతి. తెలుగులో మొట్టమొదట అచ్చయిన పుస్తకాలు 1746లో జర్మనీలోని హాలేలో వచ్చాయి. వాటిని వేయించిన బెంజమిన్ షుల్జ్ అనే పాదిరి మన దేశానికి వచ్చి ముందు దిగింది ఈ ఊళ్లోనే. ఇది పాపకు చెబితే "అయితే మన అ ఆలు ఇక్కణ్నుంచి షిప్పులో వెళ్లాయా?" అంది. అత్త కోట గోడ నీడలో కొంగు పరుచుకుని కూర్చుని, ఇంట్లో కట్టుకొచ్చిన పులిహోర డబ్బా తీసింది. "గాలి బాగుండాది, ఈడనే ఉండిపోదాం" అంది. చిదంబరం తర్వాత ఆమె నోటివెంట వచ్చిన మొదటి మాట అది. ఉండిపోయి ఉంటే బాగుండేది.

నాగపట్నంలో రాత్రి, రూము 1,500, ఫరవాలేదు. మూడో రోజు రామనాథపురం వైపు వెళ్తూ ముత్తుపేట దాటాక మధ్యాహ్నం భోజనానికి ఆగాం. బోర్డు కూడా లేని తాటాకుల పాక. రెండు బల్లలు. వండేది, వడ్డించేది ఒకే ఆవిడ. ఆమె వేసిన చేపల పులుసులో మట్టిదాక అంచున ఎర్రటి నూనె తేలుతోంది, అడుగున టెంకతో సహా మామిడికాయ ముక్క. నెల్లూరు పులుసు తిని పెరిగినదాన్ని నేను, ఇంకొకరి పులుసు అంత తొందరగా ఒప్పుకోను. ఇది ఒప్పుకున్నాను. మామూలు భోజనం 110, వంజరం వేపుడు ముక్క 120. శనివారం కాబట్టి అత్త చేప ముట్టలేదు. ఆమె విస్తట్లో చేపకు బదులు అప్పడాలు నాలుగు పెట్టి, వాటికి డబ్బులు తీసుకోలేదు ఆవిడ. అయిదు రోజుల్లో సాంబారు తియ్యగా ఉందని అత్త సణగనిది ఆ ఒక్క పూటే.

ఇక రామేశ్వరం. పాంబన్ రోడ్డు వంతెన ఎక్కేసరికి సాయంత్రం ఆరు. పక్కనే 2025 ఏప్రిల్‌లో మొదలైన కొత్త రైలు వంతెన, దాని పక్కన 1914 నాటి పాతది. ఓడ వస్తే కొత్తదాని మధ్య భాగం లిఫ్టులా పైకి లేస్తుంది. ఫోటో కోసం ఆపబోతే పోలీసు ఈల వేశాడు. అప్పటికే కార్ల వరస చూసి నాకు అనుమానం వచ్చింది. ఇంత జనమేంటి?

మర్నాడు తై అమావాస్య. తమిళుల తై నెలలో వచ్చే అమావాస్య, పితృదేవతలకు తర్పణం వదలడానికి రాష్ట్రమంతా రామేశ్వరానికే వస్తుంది. హోటళ్లు, పెట్రోలు, టోలు అన్నీ చూసిన మేము పంచాంగం ఒక్కటి చూడలేదు.

లాడ్జి పేరు చెప్పను. ఇరవై రోజుల ముందు ఫోన్లో మాట్లాడి, ఏసీ రూము, సీ వ్యూ, 1,800 అంటే 1,000 అడ్వాన్సు పంపాం. కౌంటర్లో ఉన్న అబ్బాయి రిజిస్టరు తిప్పి "ఆ రేటు మామూలు రోజులకమ్మా, ఈ రోజు 3,500" అన్నాడు. డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ చూపించాను. "1,000 కట్టారు, కాదనట్లేదు. ఇంకో 2,500 ఇవ్వండి" అన్నాడు నవ్వుతూ. రేటు రాసిన మెసేజీ ఏదీ? లేదు. మనం చుట్టాలకు చెప్పేదే, చేసుకోలేదు. బయట ఇంకెక్కడా రూము లేదని వాడికి తెలుసు, మాకూ తెలుసు. బ్రహ్మోత్సవాలప్పుడు మన ఊళ్లో ఎవరెవరి మొహాలు ఇలా వాడిపోతాయో అన్నీ గుర్తొచ్చాయి.

రూము చూడండి. కిటికీ తీస్తే ఎదుటి లాడ్జి గోడ. సముద్రం ఏదంటే డాబా మీదికి రమ్మన్నాడు. నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి, మెడ ఎడమకు సాగదీస్తే రెండు భవనాల మధ్య బెత్తెడు నీలం కనిపించింది. "సీ వ్యూ!" అని పాప పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఏసీ ఉంది, రిమోటు లేదు, రిమోటు కావాలంటే 300 డిపాజిట్టు. కుళాయిలో ఉప్పునీళ్లు. సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, చర్మం మీద బంకలా అంటుకుంటుంది. మా ఆయన "ఒక్క రాత్రే కదా" అన్నారు. ఆ మాటకు కలిగిన కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

తెల్లవారి నాలుగింటికే అగ్నితీర్థం వెళ్లాం. అంటే గుడి తూర్పున ఉన్న సముద్రమే. అక్కడ మునిగి, తడి బట్టలతో గుడిలోని 22 బావుల దగ్గర వరసగా నీళ్లు పోయించుకుని, బట్టలు మార్చుకుని దర్శనానికి పోవాలి. బావుల టికెట్టు మనిషికి 25 రూపాయలు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే చీకట్లో ఒకడు వచ్చి "లైను మూడు గంటలు పడుతుంది, నేను తొందరగా చేయిస్తా" అని మా ఆయన దగ్గర తలకు 300 చొప్పున 1,200 తీసేసుకున్నాడు. తర్వాత పక్కవాడితో తమిళంలో అన్నాడు, "తెలుగు పార్టీ, తిరుపతి. తలైక్కు మున్నూరు."

మా అత్త పుట్టిల్లు నగరి పక్కన పల్లె. తమిళం తెలుగుతో సమానంగా వచ్చు. మున్నూరు అంటే ఆమెకు ఏ భాషలోనైనా మున్నూరే. తడిచీరతోనే వాడి భుజం పట్టుకుని అరవంలో అందుకుంది. టికెట్టు ఎంతరా, నీ ఇంట్లో ముసలమ్మ లేదా, పితృదేవతల రోజున ఈ పనేందిరా. చుట్టూ జనం పోగయ్యారు. వాడు 500 తిరిగిచ్చి జారుకున్నాడు. మిగతా 700 పోయినట్టే. అయితే బావుల దగ్గర ఆమె మనిషే మారిపోయింది. ఒక్కో చేద నెత్తిన పడినప్పుడల్లా కళ్లు మూసుకుని ఎవరెవరి పేర్లో చెప్పుకుంటోంది.

తర్వాత గట్టు మీద మా ఆయన వాళ్ల నాన్నకు తర్పణం వదిలారు. పురోహితుడికి 500. అనుకోకుండా కుదిరింది. అత్త కొంచెం దూరంగా నిలబడి, కొడుకు వేళ్ల సందుల నుంచి నువ్వులు నీళ్లలో జారడం చూస్తూ "ఇన్నేళ్లకు ఆయనకు ఈ అమావాస్య రాసిపెట్టి ఉండాది. రూము గురించి ఇంక మాట్లాడకమ్మా" అంది. సరే అన్నాను.

మాట నిలబెట్టుకునేదాన్నే. దర్శనం అయ్యి పది గంటలకు లాడ్జికి వస్తే మా బ్యాగులు కౌంటరు ముందు నేల మీద వరసగా పెట్టి ఉన్నాయి. వాటి మీద మా సబ్బు పెట్టె, పైన ఆరేసిన పాప తువ్వాలు. చెకౌటు ఎనిమిదింటికట. మన దగ్గర లాడ్జి అంటే 24 గంటల లెక్క, ఎప్పుడు దిగితే మర్నాడు అప్పటిదాకా. అక్కడ మేం సాయంత్రం ఏడింటికి దిగినా సరే, పొద్దున ఎనిమిదయితే రోజు అయిపోయినట్టే. పదమూడు గంటలకు 3,500. పైగా ఇద్దరు ఆడవాళ్ల బట్టలున్న బ్యాగులు మా అనుమతి లేకుండా ఎవరు సర్దారో అడిగితే జవాబు లేదు. రిమోటు డిపాజిట్టు మాత్రం అడక్కుండానే ఇచ్చాడు.

ధనుష్కోటి చూసి బయల్దేరాం. రెండు పక్కలా సముద్రం, మధ్యలో తారు రోడ్డు. ఒక పక్క నీళ్లు చెరువులా కదలకుండా, ఇంకో పక్క ఎగిరెగిరి పడుతూ. 1964 డిసెంబరు 22 రాత్రి తుపానులో ఊరంతా, స్టేషనుకు వస్తున్న రైలుతో సహా కొట్టుకుపోయింది. పైకప్పు లేని చర్చి గోడలు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. సాయంత్రం అయిదు తర్వాత అటు బండ్లు వదలరు, పొద్దున్నే వెళ్లండి. తిరుచ్చిలో రాత్రి 1,900 రూము, మర్నాడంతా ప్రయాణం, తిరువణ్ణామలై, వేలూరు, చిత్తూరు.

లెక్క ఇది. మొత్తం 1,460 కిలోమీటర్లు. పెట్రోలు 9,150, టోలు 1,240, రూములు 9,500, తిండి 6,200, టికెట్లు, పూజలు, ఆ దళారితో కలిపి చిల్లర ఖర్చులు 2,700. అంతా 28,790. చుట్టాలెవరైనా వెళ్తామంటే నాగపట్నం వరకు మా ప్లాను అలాగే వాడుకోండి, రామేశ్వరానికి అమావాస్య కాని రోజు వెళ్లండి. తర్పణం వదలాలంటే రామనాథపురంలో రూము తీసుకుని, 55 కిలోమీటర్లు తెల్లవారుజామున కారులో వెళ్లండి.

చిత్తూరులో రాత్రి తొమ్మిదిన్నరకు టిఫిను. వేరుశనగ చట్నీ, పైన కారప్పొడి నూనె. అత్త నాలుగు ఇడ్లీలు తిని, అయిదోది పాప ప్లేటులోంచి తీసుకుంది.

పదకొండున్నరకు తిరుపతి బస్టాండు దగ్గర పాల ప్యాకెట్టు కోసం కారు ఆపాం. దుమ్ము పట్టిన బండి, వెనక బ్యాగులు చూసి ఒకడు పరుగెత్తుకొచ్చి అద్దం మీద తట్టాడు. "రూము కావాల్నా సార్? కొండ కనబడతాది."

అత్త అద్దం దించింది. "ఎన్నింటికి ఖాళీ చేయమంటావు నాయనా?"